వెనక చక్రం పట్టేస్తే



మా కడప జిల్లా ఎర్రగుంట్ల, చిలమకూరు వైపు కారు నడిపేవాళ్లలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. బ్రేకు మీద కాలు పెట్టగానే టైరు కీచుమని, రోడ్డు మీద నల్లటి చార పడితే ఆ బండికి బ్రేకు బ్రహ్మాండంగా ఉన్నట్టు లెక్క. పాత కారు బేరం చేసేటప్పుడూ ఇదే తంతు. అమ్మేవాడు కొనేవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీ రోడ్డు చూసి ఒక్క తొక్కు తొక్కుతాడు. బండి జర్రున జారి ఆగుతుంది. "చూసినావా, ఎట్ల పట్టిందో!" అంటాడు. కొనేవాడు తలూపుతాడు. మెకానిక్కును కాబట్టి నేనైతే కిందికి దిగి, ఆ చార ఏ చక్రం గీసిందో చూస్తాను. వెనక చక్రం గీసి ఉంటే బేరం సంగతి తర్వాత, ముందు బండిని జాకీ మీదికి ఎక్కించమంటాను.

ఎందుకంటే, తిరుగుతూ నెమ్మదించే చక్రం రోడ్డును పట్టుకుంటుంది. పూర్తిగా ఆగిపోయిన చక్రం రోడ్డు మీద జారుతుంది. జారే చక్రానికి ఆపే శక్తి తగ్గడం ఒక్కటే కాదు, పక్కకు పోకుండా నిలదొక్కుకునే శక్తి దాదాపు పోతుంది. ఇక బరువు సంగతి. బ్రేకు పడగానే బండి బరువు ముందుకు వాలుతుంది. ప్రొద్దుటూరు బస్సులో నిలబడి పోయేవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. డ్రైవరు ఒక్కసారి బ్రేకు వేస్తే వెనకవాళ్లంతా ముందువాళ్ల మీద పడతారు. కారూ అంతే, ముక్కు వంచుతుంది, తోక లేపుతుంది. చిన్న కారులో ఇంజను ముందే, గేరుబాక్సు ముందే. ఒక్కడే పోతుంటే వెనక సీటు, డిక్కీ రెండూ ఖాళీ. అసలే తేలికగా ఉన్న వెనక భాగం బ్రేకు పడేసరికి ఇంకా తేలికైపోతుంది. ఆ సమయంలో వెనక బ్రేకు కొంచెం గట్టిగా పట్టినా చాలు, చక్రం ఆగిపోతుంది.

ముందు చక్రాలు జామ్ అయితే స్టీరింగు తిప్పినా బండి తిరగదు. కానీ నేరుగా పోతుంది, కాలు సడలిస్తే మళ్లీ మన మాట వింటుంది. వెనకవి ముందుగా జామ్ అయితే కథ వేరు. వెనక భాగం పక్కకు జారి, ముందు భాగాన్ని దాటిపోవాలని చూస్తుంది. బండి గిర్రున తిరుగుతుంది. ఎండిన రోడ్డు మీద, నెమ్మదిగా పోయేటప్పుడు ఇది తోక ఊపడంతో సరిపోవచ్చు. మన వైపు రోడ్లు ఎప్పుడూ అట్లా ఉండవు కదా. నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల నుంచి తరలించే తెల్ల బురద దారిలో కారి ఎండిపోయి ఉంటుంది. నల్లరేగడి పొలాల్లోంచి ట్రాక్టర్లు ఎక్కించిన మట్టి ఉంటుంది. సున్నపురాయి లారీల నుంచి రాలిన పొడి ఉంటుంది. వీటి మీద తొలకరి జల్లు పడిన రోజున స్టీరింగు సరిచేసుకునే వ్యవధి కూడా దొరకదు.

అందుకే కార్లు తయారుచేసేవాళ్లు ముందు బ్రేకులకే ఎక్కువ పని అప్పగిస్తారు. 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800 దగ్గర్నుంచి ఇవాళ్టి ఆల్టో దాకా, మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. దీనికి తోడు, మనం పెడల్ ఎంత గట్టిగా తొక్కినా ఒక స్థాయి దాటాక వెనక్కు పోయే ఒత్తిడి ముందువాటితో సమంగా పెరగకుండా అదుపు చేసే చిన్న వాల్వు ఒకటి పెడతారు. వ్యాన్ల లాంటి బరువు మోసే బండ్లలో కొన్నింటికి ఆ వాల్వు వెనక ఇరుసు దగ్గర ఉంటుంది. బరువు పెరిగి బండి కిందికి దిగితే ఒక స్ప్రింగు దాన్ని లాగి, వెనక బ్రేకుకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అది చక్రం ఆగిపోబోతున్నట్టు కనిపెట్టి, ఒత్తిడిని క్షణక్షణం వదులుతూ పడుతూ ఉంటుంది. నేను ఇవాళ చెప్పేది ప్రధానంగా అంతకుముందు బండ్ల గురించి. పల్లెల్లో ఇంకా తిరుగుతున్నవి అవే.

డ్రమ్ము బ్రేకు లోపల ఏముందో తెలిస్తే మిగతాది సులువు. ఫ్రాన్సులో లూయీ రెనో 1902లో దానికి రూపం ఇచ్చాడు. నూట ఇరవై ఏళ్లు దాటినా లోపలి సంగతి పెద్దగా మారలేదు. ఒక గుండ్రటి ఇనుప డ్రమ్ము, దాని లోపల అర్ధచంద్రాకారంలో, పైన రాపిడి లైనరు ఉన్న రెండు షూలు, పైన వాటిని విడదీసే వీల్ సిలిండరు, తిరిగి దగ్గరికి లాగే స్ప్రింగులు. ఇందులో ఒక చమత్కారం ఉంది. డ్రమ్ము తిరిగే దిశలో ఉన్న షూ ఒకసారి తగిలిందంటే, తిరిగే డ్రమ్మే దాన్ని ఇంకా లోపలికి లాక్కుంటుంది. మనం తక్కువ తొక్కినా బ్రేకు ఎక్కువ పడటానికి ఇదే కారణం. అది మంచిదే. కానీ షూ మీద ఏ చిన్న తేడా వచ్చినా, ఆ తేడా కూడా అదే లెక్కన పెరిగిపోతుంది. డిస్కుకు ఈ గుణం లేదు. అందుకే డ్రమ్ము మొరాయించినంతగా డిస్కు మొరాయించదు.

ఇక రోగం సంగతి. నా షెడ్డుకు వచ్చేవాళ్లు "యెనక బ్రేకు పట్టేస్తాంది" అని ఒకే మాట చెప్తారు. అందులో రెండు వేరు వేరు జబ్బులు ఉంటాయి. తొక్కినప్పుడు అతిగా పట్టడం ఒకటి. తొక్కి వదిలాక కూడా వదలకపోవడం రెండోది. మొదటిది బండిని తిప్పేస్తుంది. రెండోది లాగుడు తగ్గించి, పెట్రోలు తాగించి, డ్రమ్మును కాల్చి, చివరికి మొదటిదానికి దారి తీస్తుంది. మంచి మెకానిక్కు అయితే స్పానరు పట్టుకునే ముందు ఈ రెంటిలో ఏదని అడుగుతాడు. ఆ వెంటనే ఇంకో ప్రశ్న: పట్టేది ఒక చక్రమా, రెండూనా?

ఒక్కటే అయితే కారణం ఆ చక్రం దగ్గరే ఉంటుంది. లైనరు మీద తడి, విరిగిన స్ప్రింగు, బిగుసుకుపోయిన సిలిండరు, గుండ్రదనం చెడిన డ్రమ్ము. రెండూ అయితే రెంటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించాలి. వాల్వు, హ్యాండ్‌బ్రేకు తీగ, మాస్టర్ సిలిండరు, లేదా నాసిరకం షూలు. రెండు చక్రాల జబ్బుకు ఎక్కువమంది ఊహించని కారణం ఇంకోటి ఉంది. అది ముందు బ్రేకులు పనిచేయకపోవడం. దుమ్ము పట్టి క్యాలిపర్ పిన్నులు ఎండిపోతాయి, ప్యాడ్లు గాజులా నున్నబడతాయి. ముందు బ్రేకు సగమే పడుతుంటే, బండి ఆగడం లేదని డ్రైవరు ఇంకా గట్టిగా తొక్కుతాడు. ఆ తొక్కుడు వెనకవాటికి ఎక్కువైపోతుంది. వెనక పట్టేస్తోందని తెచ్చిన బండికి నేను ముందు చక్రాలు ఊడదీస్తుంటే ఓనరు అనుమానంగా చూస్తాడు, బిల్లు పెంచుతున్నాడేమో అని. ఒక్కడే పోతున్నప్పుడు పట్టేసి, ఇంటిల్లిపాదీ ఎక్కి పుష్పగిరి పోయినప్పుడు బాగుందంటే ఆ అనుమానం మరీ బలపడుతుంది. వెనక బరువు పడితే జబ్బు దాక్కుంటుంది, అంతే.

టైర్లు కూడా చూడాలి. కొత్తవి రెండు కొని ముందు వేయించి, అరిగినవి వెనక్కు పంపడం మన అలవాటు. తడి రోడ్డు మీద అది తలకిందుల పని. వెనక పట్టు పోతే బండిని నిలబెట్టేది ఏదీ ఉండదు కాబట్టి మంచి జత వెనకే ఉండాలి.

ఒక బండి సంగతి చెప్తాను. పోయిన వానాకాలంలో చిలమకూరు నుంచి ఒక కుర్రవాడు చిన్న కారు తెచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు పని. "అన్నా, పొద్దున తీసేటప్పుడు ఎడం పక్క యెనక చక్రం టప్పుమని యిడుస్తాంది. వాన పడితే మెల్లగ తొక్కినా అదొక్కటే ఆగిపోయి బండి తోక తిప్పుతాంది" అన్నాడు. అంతకు ముందు ఏదో షెడ్డులో హ్యాండ్‌బ్రేకు తీగ బిగించి పంపారట. ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, వెనక పక్క జాకీ వేసి, స్టాండు మీద నిలిపి, హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించి చక్రం చేత్తో తిప్పాం. కుడిది సుర్రుమని తిరిగింది. ఎడమది అర చుట్టు తిరిగి గర్రుమని ఆగింది.

డ్రమ్ము చేత్తో రాలేదు. ఇలాంటప్పుడు సుత్తితో బాదితే అంచు పగులుతుంది, బేరింగు చెడుతుంది. డ్రమ్ము ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలో సరిపోయే బోల్టులు వేసి, మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగిస్తే డ్రమ్ము దానంతట అదే బయటికి జరుగుతుంది. తీసి చూస్తే అడుగున బూడిద రంగు ముద్ద గట్టిపడి ఉంది. దుమ్ముకు తడి తగిలితే ఏమవుతుందో సిమెంటు ఫ్యాక్టరీ కుర్రవాడికి నేను చెప్పాలా! డ్రమ్ము లోపలి నునుపు మీద, రాత్రంతా షూ ఆనుకుని ఉన్న మేర, సరిగ్గా షూ వెడల్పున ఒక తుప్పు పట్టీ. పొద్దున టప్పుమన్నది అదే. వీల్ సిలిండరు చివర ఉన్న రబ్బరు టోపీ అంచు స్క్రూడ్రైవరు మొనతో ఎత్తితే లోపలి నుంచి బ్రేకు ఆయిలు చుక్క జారింది. దాని కింద లైనరు మీద నల్లగా, జిగురుగా, బొటనవేలంత మరక.

చాలామంది ఇక్కడ తికమక పడతారు. ఆయిలు పడితే జారాలి గదా, పట్టేయడం ఏంటి అని. లైనరు నిండా తడిస్తే జారుతుంది నిజమే. కొద్దిగా తడిసి, వేడికి మాడి, దుమ్ముతో కలిసి బంకగా మారితే పట్టేస్తుంది. తగిలిన షూను డ్రమ్ము లోపలికి లాక్కుంటుందని చెప్పాను కదా, ఆ బంక తోడైతే ఇక వదలదు. అలాంటి లైనరును పెట్రోలుతో కడిగి, మంటకు చూపి మళ్లీ వేసేవాళ్లు ఉన్నారు. లోపలికి ఇంకిన ఆయిలు నాలుగు రోజులకు మళ్లీ పైకి వస్తుంది. మార్చడం తప్ప దానికి మందు లేదు. అదీ రెండు పక్కలా మార్చాలి. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క పాతది వేస్తే బండి ఒక పక్కకు లాగుతుంది.

ఆ కారులో ఇంకో సంగతి కూడా బయటపడింది. షూకు తగిలించిన హ్యాండ్‌బ్రేకు లివరు పూర్తిగా వెనక్కు వచ్చి షూను ఆనుకుని ఉండాలి. ఇక్కడ అది కాస్త ముందుకు లాగి ఉంది. బిగించిన తీగ పుణ్యం అది. షూలు అరిగితే హ్యాండ్‌బ్రేకు పైకి వస్తుంది, నిజమే. దానికి తీగ బిగించడం జబ్బు దాచడమే. తీగ బిగిస్తే షూలు ఎప్పుడూ డ్రమ్ముకు ఆనుకునే ఉంటాయి. లోపల తనంతట తాను సర్దుకునే అడ్జస్టరు పని కూడా దెబ్బతింటుంది. వరస ఏంటంటే, తీగ పూర్తిగా వదులు చేయాలి. షూలు డ్రమ్ముకు సరిగ్గా అమర్చి, పెడల్ చాలాసార్లు తొక్కి వాటిని కుదురుకోనివ్వాలి. ఆ తర్వాతే, ఆఖర్న, తీగ. ఈ వరస తిరగేసి చేసిన బండ్లు నా దగ్గరికి వచ్చినన్ని ఇంకేవీ రాలేదు.

ఇప్పుడు రెండో జబ్బు, వదలకపోవడం. దీనికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. చక్రం పట్టేసి ఉన్నప్పుడే, వీల్ సిలిండరు వెనక ఉండే గాలి తీసే నిపుల్‌కు సన్నటి పైపు తగిలించి, అర చుట్టు వదులు చేయాలి. ఆయిలు చిమ్మి చక్రం వదిలేసిందా, లోపల ఒత్తిడి చిక్కుకుపోయి ఉందన్నమాట. వదల్లేదా, తప్పు ఇనుములో ఉంది: తీగ, స్ప్రింగు, తుప్పు, అరిగి గాడి పడిన బ్యాక్‌ప్లేటు. ఒత్తిడే అని తేలితే మళ్లీ ఒక మెట్టు వెనక్కు పోవాలి. చక్రం మళ్లీ పట్టేదాకా తొక్కి, ఈసారి మాస్టర్ సిలిండరు దగ్గర ఆ లైను నట్టు వదులు చేయాలి. అక్కడ విప్పగానే చక్రం తిరిగితే దోషం మాస్టర్ సిలిండరుది, లేదా పెడల్ నుంచి దానికి పోయే కడ్డీది. పెడల్‌కు కాస్త ఖాళీ ఆట ఉండాలి. లేకపోతే సిలిండరు లోపల ఆయిలు వెనక్కు పోయే సన్నటి రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. అక్కడ విప్పినా వదలక, చక్రం దగ్గర విప్పితేనే వదిలితే, దొంగ మధ్యలో ఉన్నాడు. సాధారణంగా అది రబ్బరు హోసు. పైకి నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల ఉబ్బి పొర లేచి ఉంటుంది. కాలి బలానికి ఆయిలు పోతుంది, స్ప్రింగు బలానికి తిరిగి రాదు. హోసు ధర తక్కువే. దాన్ని అనుమానించక సిలిండర్లు మార్చిన బిల్లులు మాత్రం తక్కువ కాదు.

నాలుగు చక్రాలూ కలిసి పట్టేస్తుంటే రిజర్వాయరు మూత తీసి చూడండి. మూత లోపలి రబ్బరు ఉబ్బి వంకర తిరిగి ఉంటే, ఎవరో అందులో ఇంజను ఆయిలో మరో నూనో పోశారు. బ్రేకు సిలిండర్ల రబ్బర్లు ఆ నూనెలకు తట్టుకోవు. అప్పుడు ఆయిలు మార్చి ఊరుకుంటే చాలదు. లైన్లన్నీ కడిగి, నూనె తగిలిన ప్రతి రబ్బరూ మార్చాలి, ఏడ్చినా తప్పదు. సరైన బ్రేకు ఆయిలు డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని ఉంటుంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అయితే కొత్తదానికి మరుగు స్థానం కనీసం 205 డిగ్రీలు ఉండాలి, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి దిగుతుంది. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచేవాళ్లు ఈ రెండు అంకెల మధ్య తేడా గుర్తుంచుకుని, తక్కువ గేరులో దిగితే మంచిది. రెండేళ్లకోసారి ఆయిలు మార్పించాలి. తేమ సిలిండర్లకు తుప్పు కూడా పట్టిస్తుంది, అందులో పిస్టన్లు బిగుసుకుపోతాయి.

డ్రమ్ము లోపల గాళ్లు పడినా, అండాకారం అయినా లేతు మీద తిప్పిస్తారు. ఎంతవరకు తిప్పవచ్చో ఆ డ్రమ్ము మీదే అంకె పోసి ఉంటుంది. అది దాటితే పాత ఇనుముకు వేయడమే. స్ప్రింగులు షూలతోపాటు కొత్తవి వేయండి. వేడికి బిగువు పోయిన స్ప్రింగును కంటితో కనిపెట్టడం కష్టం.

దుమ్ము గురించి ఒక మాట. డ్రమ్ము తీయగానే గాలి గన్నుతో బుస్సుమని ఊదడం ప్రతి షెడ్డులో కనిపిస్తుంది. పాత లైనర్లలో రాతినార ఉండేది. ఇప్పటికీ చౌకరకం వాటిలో లేదని పైకి చూసి చెప్పలేం. రాతినార మన జిల్లాకు కొత్తది కాదు. పులివెందుల వైపు బ్రాహ్మణపల్లె, లోపటనూతల గనుల్లో తవ్వింది ఇదే. వేడికి మాడదు, నారలా అల్లుకుంటుంది, అందుకే లైనర్లలో కలిపేవారు. ఆ సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లో దిగితే ఎన్నో ఏళ్ల తర్వాత జబ్బు బయటపడుతుంది. కేంద్ర ప్రభుత్వం 1986లో కొత్త రాతినార గనులకు లీజులు ఇవ్వడం ఆపేసింది. గని దగ్గరే వద్దనుకున్న దుమ్మును షెడ్డులో కుర్రవాళ్ల ముఖం మీదికి ఊదడం ఏం న్యాయం? తడి గుడ్డతో తుడవండి, నీళ్లు చిలకరించి బ్రష్‌తో దించండి, మూతికి మాస్కు కట్టండి. ఆ గుడ్డను ఉతికి మళ్లీ వాడొద్దు.

ఇంకో అడ్డదారి. వెనక బ్రేకు సతాయిస్తోందని హోసును బిగించి కట్టడమో, లైనులో బిళ్ల పెట్టి మూసేయడమో చేసి, "ముందువి ఉన్నాయి గదా" అని పంపేవాళ్లు ఉన్నారు. ఆ బండి ఆగే దూరం పెరుగుతుంది, ముందు బ్రేకులు కాగిపోతాయి, వాలు మీద నమ్ముకోవడానికి ఏమీ మిగలదు. పైగా చాలా చిన్న కార్లలో లైన్లు ఏటవాలుగా పోతాయి, ముందు కుడిదీ వెనక ఎడమదీ ఒక జత, ముందు ఎడమదీ వెనక కుడిదీ ఒక జత. ఒక జత కారిపోయినా రెండోది బండిని ఆపాలని ఆ ఏర్పాటు. వెనకవి మూసేస్తే ఆ రోజున మిగిలేది ఒకే ఒక్క ముందు చక్రం.

పని అయ్యాక పరీక్ష. ముందు బండి నిలిచి ఉండగానే పెడల్ తొక్కి చూడాలి. మెత్తగా దిగుతుంటే లోపల గాలి ఉంది, రోడ్డెక్కకూడదు. తర్వాత మనుషులు, పశువులు లేని చోట ముప్పై కిలోమీటర్ల వేగంలో మెల్లగా మొదలుపెట్టి, కొద్దికొద్దిగా ఎక్కువ తొక్కుతూ చూడాలి. కొన్ని కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపి, చక్రాల దగ్గర అరచెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూడండి. మే నెల ఎండలో మన దగ్గర నాలుగూ వేడిగానే ఉంటాయి. ఎడమదానికీ కుడిదానికీ మధ్య తేడా ఉందా అన్నదే చూడాలి. చిలమకూరు కుర్రవాడి కారుకు సిలిండర్లు, షూలు, స్ప్రింగులు మార్చి, డ్రమ్ములు తిప్పించి, తీగ కొత్తది వేశాం. వాన వెలిసిన రోడ్డు మీద అతన్నే నడపమన్నాను. తోక ఊపలేదు. "బ్రేకు తగ్గినట్టుందే అన్నా" అన్నాడు. కీచుమనే చప్పుడు లేదని అతనికి వెలితి.

వానాకాలంలోనూ, బండి కడిగిన రోజునా, చదునైన చోట రాత్రికి హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేయకండి. కడిగాక నాలుగడుగులు నడిపి, రెండుసార్లు బ్రేకు వేసి డ్రమ్ములు ఆరనివ్వండి. గేరులో ఉంచి, చక్రానికి ముందొకటి వెనకొకటి రాయి పెట్టండి. పొద్దున బండి తీసే ముందు ఆ రాళ్లు తీయడం మరిచిపోకండి.